మా మావ కాలికింద ఫిరంగి గుండు

సిమెంటుతో సంగిడీలు పోత పోయించిన మహానుభావుడెవరో గాని, మొన్న అమ్మవారి పండగలో వాటిని చూసి నాకు ఒళ్లు మండిపోయింది. సంగిడీ అంటే ఏమిటో మా వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఊరి పండగనాడు మగవాళ్లు బలం చూపించుకోవడానికి ఎత్తే గుండ్రటి రాయి. రాయి అన్నాను, వినండి. కొండరాతిని ఉలితో చెక్కి, నునుపు చేసి, ఒక పక్క చెయ్యి దూరేంత గుంట తొలిచి, ఆ గుంటలో అడ్డంగా పట్టుకోవడానికి ఒక రాతి పిడి వదిలేవాళ్లు. ఇప్పుడు అచ్చులో సిమెంటు పోసి, ఇనప చువ్వ గుచ్చి, నీలం రంగుతో కిలోలు రాసి వరసగా పెట్టారు. గ్యాసు సిలిండర్ల బండి వచ్చి దించినట్టుంది. అసలు రాయి, పాతకాలం నాటి నిజం రాయి, పక్కనే గుడిలో కటకటాల వెనకాల పసుపు పూసుకుని, వెండి కళ్లు పెట్టించుకుని, చీర కట్టుకుని కూర్చుంది. దాన్నెవరూ ముట్టుకోకూడదట. మైల తగులుతుందట. ఆ రాయి మీద మా మావ నెలల తరబడి కాలు పెట్టుకుని గోళ్లు తీసుకున్నాడని అక్కడ చెబితే నన్ను తన్నేవాళ్లు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మేం మల్కాపురంలో ఉండేవాళ్లం. నేను పోర్టులో వించి తోలేవాణ్ణి. ఓడలోంచి సరుకు పైకి లాగడం, ఒడ్డున దించడం, అదే పని. ఇంటికొస్తే నా చొక్కా ముడి ఇనుము ధూళితో ఎర్రగా ఉండేది. మా ఆవిడ ఎర్నమ్మ ఆ చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టేది, ఆ నీళ్లు చూస్తే ఎవరినో నరికి కడిగినట్టుండేవి. గాలి రిఫైనరీ వైపు నుంచి వీస్తే ఇల్లంతా కుళ్లిన గుడ్డు వాసన, సముద్రం వైపు నుంచి వీస్తే ఎండుచేపల వాసన. రెండూ లేని రోజున ఎర్నమ్మ చింతపండు పులుసులో వేసిన ఇంగువ వాసన పక్కవీధి దాకా వెళ్లేది. నేను చదివింది ఐదో తరగతి. ఆపైన చదివిందంతా వన్ టౌన్ గ్రంథాలయం మేడ మీద, సెలవు రోజుల్లో, నా అంతట నేను. అక్కడి గుమస్తా నా చొక్కా రంగు చూసి పుస్తకం ఇచ్చే ముందు చేతులు కడుక్కోమనేవాడు. పట్టా ఉన్నవాడు చెమట చేతుల్తో పేజీలు తిప్పితే నోరెత్తేవాడు కాడు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు. చేతులు కడుక్కునే చదివాను. ముఖ్యంగా చరిత్ర. కోటలు, ఓడలు, ఫిరంగులు. భీమిలిలో దిగిన డచ్చివాళ్ల గురించి అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఉక్కు ఫ్యాక్టరీకని అవతల ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాటిలో మా మావ ఊరొకటి. మావ అంటే పిల్లనిచ్చిన మావే కాదు, మా అమ్మకి స్వయానా తమ్ముడు, పైడినాయుడు. నిర్వాసితులకిచ్చిన కాలనీలో ఇల్లు లేచేదాకా మా ఇంట్లో ఉంటానని ఒక ట్రంకుపెట్టె, ఒక నులక మంచం, ఒక కొడవలి పట్టుకుని వచ్చాడు. కొడవలి ఎందుకు మావా, ఇక్కడ కోసేందుకు ఏముంది అంటే, కోత లేదని పదును పోతుందేటి అని నా మీద విరుచుకుపడ్డాడు. కళ్లలో శుక్లాలు దిగి మనుషుల్ని గొంతును బట్టి పోల్చుకునేవాడు. తెల్లారగానే దొడ్లో నీళ్లకుండీ పక్కన బండ మీద కూర్చుని ఒంటికి ఆముదం పట్టించేవాడు. ఆపైన అడ్డపొగ. అంటే చుట్టని తిరగేసి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. మా వైపు ముసలమ్మలు చేసే పని అది. ఎర్నమ్మకి పరువు పోయినట్టుండేది. నాకు మాత్రం అదే సుఖం, నోట్లో నిప్పున్నంత సేపూ మావ మాట్లాడలేడు.

నోరు ఖాళీ అయితే ఒకటే మాట. తను కుర్రాడుగా ఉన్నప్పుడు ఊరి సంగిడీల్లో చిన్నదీ, నడిమిదైన నడిపిదీ కాదు, పెద్దదాన్నే భుజానికెత్తి, అమ్మవారి గుడి చుట్టూ తిరిగొచ్చి, చప్పుడు కాకుండా కింద పెట్టాడట. చప్పుడు కాకుండా అన్నది ముఖ్యం. వాళ్ల ఊళ్లో ఎత్తలేకపోవడం సిగ్గు కాదు, ఎత్తి జారవిడవడం సిగ్గు. జారవిడిచిన వాడు మళ్లీ ఏడాది పండగదాకా రాయిని ముట్టుకోకూడదు. ఈ కథ మా వీధిలో చెప్పని రోజు లేదు, చెప్పిన ప్రతిసారీ రాయి పెరిగేది. మొదట్లో గంగాళమంత ఉండేది. వానాకాలం వచ్చేసరికి దూడంత అయింది. టీకొట్టు దగ్గర కళాసీలు కాసుక్కూర్చునేవాళ్లు. ఏటి మావా, ఇయ్యాల రాయి ఎంతున్నాది, తలుపు పడతాదా అని అడిగేవాళ్లు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయన మాటకి ఊరుండేది. ఇక్కడ ఆయనెవరో ఎవరికీ తెలీదు. భూమి పోయింది, గొడ్లు పోయాయి, చూపు పోతోంది, మిగిలింది ఆ ఒక్క మాట. దాన్నీ లాక్కుని వీధి నవ్వుకుంటోంది. నేను తక్కువ తిన్నానా? చరిత్రకి ఆధారం కావాలి మావా, రాయి ఏదీ, సాక్షి ఏడీ అని పుస్తకాల్లో చదివిన మాటలన్నీ ఆయన మీదే ప్రయోగించేవాణ్ణి. ఒకరోజు ఎర్నమ్మ కూడా ఊరుకోయ్యా, నలుగురూ నవ్వుతున్నారు అనేసింది. ఆ మర్నాటి నుంచి మావ టీకొట్టుకి వెళ్లడం మానేశాడు. ఎర్నమ్మ గ్లాసులో టీ తెచ్చి దొడ్లోనే ఇచ్చేది.

సెలవు రోజుల్లో నేనూ, పక్కవీధి అప్పల్రాజూ సైకిళ్లేసుకుని ఖాళీ అయిన ఊళ్ల మీదికి వెళ్లేవాళ్లం. అప్పల్రాజు నాకు వరసకి బావ, పోర్టులోనే కళాసీ. బుల్డోజర్లు నేలంతా దున్నిపారేసి ఉండేవి. ఏది ఎవరి వాకిలో, ఏది ఏ ఊరో చెప్పడానికి లేదు. ఆ మట్టిలో చువ్వతో పొడుచుకుంటూ పాత నాణేలు, పూసలు, కుండపెంకులు ఏరుకునేవాళ్లం. అప్పల్రాజుకి కావలసింది లంకెబిందెలు. నాకు కావలసింది చరిత్ర. చూసేవాళ్లకి మాత్రం ఇద్దరు దొంగల్లా ఉండేవాళ్లం. అలా తిరుగుతుంటే ఒక చోట, పూడ్చేసిన నుయ్యి పక్కన, సగం కాలిన చింత మోడు కింద అప్పల్రాజు చువ్వ టంగుమంది. బిందె బావా అని వాడు మట్టి మీద పడ్డాడు. తవ్వి తీస్తే గుండ్రటి రాయి. వాడు దాన్ని తన్ని, కాలు పట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం గుండె చేత్తో పట్టుకున్నాను. అంత గుండ్రం దేవుడు చేసింది కాదు, మనిషి చేసిందే. ఒక పక్క గట్టిగా బిగుసుకుపోయిన బంకమట్టి, దాని నడుమ వేలు పట్టేంత చిన్న లొత్త. నా బుర్రలో పుస్తకాలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఫిరంగి గుండు. డచ్చివాళ్లది. ఆ లొత్త ఒత్తి పెట్టే కంత. రాతి గుండుకి ఒత్తి ఎందుకు, రాయి పేలుతుందా అని మీరు అడగొచ్చు. అప్పుడు నన్నెవరూ అడగలేదు.

సంగిడీ అయి ఉండొచ్చని నాకెందుకు తోచలేదంటే, దానికి కారణం మా మావే. ఆయన చెప్పే సంగిడీ అప్పటికి పెయ్యదూడని దాటిపోయింది. ఇదేమో నీళ్లబానంత. ఆయన కోతలు కొయ్యకుండా ఉన్న కొలత ఉన్నట్టు చెప్పి ఉంటే, ఆ నేల మీదే పోల్చుకునేవాణ్ణి. రాయిని దొర్లించి, పలకలేసి, రిక్షా ఎక్కించేసరికి మాకు ప్రాణాలు పోయాయి. ఇంటికొచ్చాక రిక్షా అతను దొడ్లో నీళ్లకుండీ పక్కన దించి, ఇంక అంగుళం కూడా జరపనన్నాడు. ఎర్నమ్మ చూసి, బంగారం తెస్తారనుకుంటే నాను ఆడుకోడానికి గచ్చకాయ తెచ్చినారేటి అంది. మావ వచ్చి కాలితో తడిమి చూశాడు. ఏటల్లుడా ఇది అని అడిగితే ఫిరంగి గుండు మావా, దొరలది అన్నాను. దొరల వస్తువు మీద కాలు పెట్టడం ఆయనకి బాగా నచ్చింది. ఆ రోజు నుంచి అదే ఆయన పీట. ఎడంకాలు దాని మీద పెట్టుకుని ఆముదం రాసుకునేవాడు, గోళ్లు తీసుకునేవాడు, ఎవరైనా దొరికితే పెద్ద సంగిడీ కథ చెప్పేవాడు. ఆయన స్నానం నీళ్లు, ఆముదం, కుంకుడు నురుగు రోజూ ఆ రాయి మీంచే పారేవి.

నేను గ్రంథాలయంలో ఒక చరిత్ర లెక్చరర్‌ని పట్టుకున్నాను. పుస్తకం వెనక నుంచి తల బయటికి తీయని మనిషి. ఎన్నోసార్లు చెప్పగా చెప్పగా ఒక ఆదివారం పొద్దున్న వచ్చాడు. దొడ్లోకి తీసుకెళితే ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని రాయి చుట్టూ తిరిగాడు. నా ఒత్తి కంత సిద్ధాంతం విని, నాకే ఆశ్చర్యమేసేలా, అవునన్నాడు. కాలేజీలో పెడతామనీ, కనిపెట్టిన వాడిగా అందరి ముందూ నా పేరు చెబుతామనీ అన్నాడు. పట్టా ఉన్నవాడి నోటి వెంట నా మాట అవును అనిపించుకోవడం నా జీవితంలో అదే మొదలు. అడుగు వైపు ఏమైనా గుర్తులున్నాయేమో తిరగెయ్యమన్నాడు. నేనూ అప్పల్రాజూ చెరోవైపూ పట్టాం. రాయి కదల్లేదు. అప్పటికే గోడ మీంచి టీకొట్టు కళాసీలు తలలు పెట్టి చూస్తున్నారు. మావ భుజాన తువ్వాలుతో, ఒంటి నిండా ఆముదంతో, స్నానానికని నిలబడి నిలబడి విసిగిపోయాడు.

"తప్పుకోండ్రా. రాయికాడ సభెట్టీసి నా తానానికి అడ్డం పడిపోనారు," అంటూ వంగి, మమ్మల్ని పక్కకి నెట్టి, రాయిని తోసెయ్యబోయాడు.

అన్ని నెలల స్నానం నీళ్లకి ఆ బంకమట్టి నాని ఉంది. ఆయన వేళ్లు అందులో దిగబడ్డాయి. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. నోట్లో చుట్ట లేదు, అయినా మాట లేదు. మా మావ నోరు ఖాళీగా ఉండి మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. మెల్లగా మట్టి పెకలించడం మొదలెట్టాడు. ముద్దలు ముద్దలుగా తీసి పక్కన పెట్టాడు. నా ఒత్తి కంత పెద్దదైపోయి, ఆయన చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. లోపల దేన్నో పట్టుకున్నాడు. పట్టుకుని, చెయ్యి తీయకుండా, నా వైపు కాక గోడ వైపు చూస్తూ అడిగాడు, దీన్ని ఎక్కడ తవ్వినావు అని. చింత మోడు కింద, పూడ్చిన నుయ్యి పక్కన అన్నాను. నుయ్యికి ఏ పక్క అన్నాడు. తూర్పు పక్క అన్నాను.

"అయితే మాదే. సంగిడీ," అన్నాడు. గోడ మీద గుసగుసలు మొదలయ్యాయి. అక్కడితో ఊరుకుంటే గెలిచేసేవాడు. ఊరుకోలేదు. "పెద్దది కాదిది. నడిపిది."

గోడ మీద నవ్వు విరగబడింది. కళాసీల్లో ఒకడు, "సూసినావా బావా, దొరికీసరికి రాయి సిన్నదైపోనాది," అన్నాడు. ఇంకొకడు, "పోనీ నడిపిదే ఎత్తు మావా, మేం ఏటీ అనుకోం," అన్నాడు. ఎర్నమ్మ పరుగెత్తుకొచ్చి, "అయ్యా, వద్దు. నడుం పట్టీసినాదంటే నాను సెయ్యనేను," అని చెయ్యి పట్టుకుంది. నేను వద్దనలేదు, ఎత్తమననూ లేదు. ఆధారం, సాక్షి అని ఇన్నాళ్లూ అడిగినవాణ్ణి, రెండూ నా దొడ్లోనే ఉన్నాయి, ఇంకేమంటాను? ఎత్తలేకపోతే మాత్రం ఆ మనిషి ఇంక మంచం మీంచి లేవడని నాకు తెలుసు. గోడ మీద వాళ్లకీ తెలుసు. అందుకే చూస్తున్నారు.

మావ చేతుల ఆముదం బూడిదతో రుద్దుకున్నాడు. తువ్వాలు నడుముకి బిగించాడు. వంగి, రాయిని ముట్టుకుని, కళ్లకద్దుకుని, ఇన్నాళ్లూ కాలెట్టీసినాను తల్లీ, సూపు ఆననేదు అని గొణిగాడు. కుడిచెయ్యి గుంటలోకి పోనిచ్చి పిడి పట్టాడు, ఎడంచెయ్యి కింద వేశాడు. ఎత్తుతున్నట్టు లేదు. దాని చెవిలో ఏదో చెబుతున్నట్టుంది. రాయి నేల వదిలింది. మోకాలి మీదికొచ్చింది. అక్కడ ఆగింది, ఆయన మెడ నరాలు తాళ్లలా లేచాయి. తర్వాత తొడ మీదికి, తర్వాత రొమ్ము దాకా. భుజం మీదికి పోలేదు. రొమ్ముకి హత్తుకుని కాసేపు నిలబడ్డాడు, జ్వరం వచ్చిన పిల్లని ఎత్తుకున్నట్టు. ఎర్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత దించడం. ఎత్తడం కంటే దించడమే ఎక్కువసేపు పట్టింది. వించి మీద అన్నేళ్లు పని చేశాను, నేనూ అంత మెత్తగా సరుకు దించిన రోజు లేదు. రాయి బండని తాకిన చప్పుడు ఎవరికీ వినపడలేదు.

ఆ తర్వాత గోడ దూకి కళాసీలు ఒకరి తర్వాత ఒకరు పట్టారు. బస్తాలు మోసి మోసి భుజాలు కాయలు కాసిన వాళ్లు. లుంగీలు కదిలాయి గాని రాయి కదల్లేదు. లెక్చరర్ కళ్లజోడు తుడుచుకుని, ఎత్తే రాయి అయినంత మాత్రాన ఫిరంగిలో వెయ్యకూడదని ఎక్కడుంది అన్నాడు. ఆయన పట్టుదల నాకు నచ్చింది, నాలాంటివాడే. టీ ఇచ్చి బస్సెక్కించాను. కాలేజీలో నా పేరు చెప్పడం అంతటితో సరి. మర్నాడు మావ టీకొట్టుకి వెళితే బల్ల మీద మధ్యలో చోటు చేశారు. నడిపిదే అంతుంటే పెద్దది ఎంతుండునో అని వాళ్లే లెక్కలు కట్టారు. ఇప్పుడు రాయిని పెంచే పని మావకి లేదు, వీధే పెంచింది.

కాలనీలో ఇల్లు లేచాక, రాయి కూడా తనతో రావలసిందేనని మావ పట్టుబట్టాడు. అక్కడ అమ్మవారికి అప్పటికి ఒక రేకుల షెడ్డు వేశారు. మళ్లీ రిక్షా, మళ్లీ పలకలు. మిట్టమధ్యాహ్నం, ముడి ఇనుము లారీలు పోయి పోయి ఎర్రబడిన రోడ్డు మీద, రిక్షా ముందు, మేమిద్దరం వెనక నడుస్తున్నాం. మావ చుట్ట వెలిగించి తిరగేసి నోట్లో పెట్టుకోబోతుంటే అడిగాను. సాక్షులెవరూ లేరు కాబట్టి అడిగాను. పెద్దది నిజంగా భుజానికెత్తినావా మావా అని. ఆయన చుట్ట చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఎత్తనేదు," అన్నాడు. "నానే కాదు, ఎవుడూ ఎత్తనేదు. మా తాతా ఎత్తనేదు, ఆల్ల తాతా ఎత్తనేదు. ఎత్తడానికి కాదురా అది. కుర్రోడు నడిపిదాన్ని ఎత్తీసి కళ్లు నెత్తికెక్కి నిలబడతాడు సూడు, అప్పుడు పక్కన అదుండాల. దాన్ని సూసి కళ్లు కిందకి దిగాల. అందుకెట్టినారు."

"మరి ఎత్తినానని అన్నాళ్లూ ఎందుకు సెప్పినావు?"

"ఊరుంటే సెప్పగలనేటి? ఎముకలిరగ్గొట్టీసీవోరు. ఇప్పుడు ఊరు నేదు కదా అల్లుడా. కాదనీవోడు ఒక్కడూ నేడు. అందుకే ఎత్తీసినాను."

చుట్ట తిరగేసి నోట్లో పెట్టుకున్నాడు.

మావ పోయి చాలా ఏళ్లయింది. రేకుల షెడ్డు గుడి అయింది, గుడికి గోపురం లేచింది, రాయికి మొదట పసుపొచ్చింది, తర్వాత కళ్లొచ్చాయి, తర్వాత తాళం వచ్చింది. ఎత్తవలసిన రాయిని మొక్కేసి, మొక్కనక్కర్లేని సిమెంటు ముద్దల్ని ఎత్తుతున్నారు. వాటి మీద కిలోలు కూడా రాసేశారు. రాసిన బరువు మీద ఎవడైనా గొప్పలు ఎలా చెప్పుకుంటాడు? అరవై అని రాసి ఉన్నదాన్ని దూడంత అనడానికి వీల్లేదు. ఇంతకంటే దరిద్రం ఉంటుందా? మొన్న పండగలో ఒక కుర్రాడు కటకటాల్లోంచి ఫోనుతో రాయిని ఫొటో తీశాడు. ఫొటో చూపిస్తే వస్తువు పేరు ఫోనే చెబుతుందట. ఏం చెప్పిందిరా అంటే, పాతకాలం ఫిరంగి గుండు అంది తాతా అన్నాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఫోను కూడా నా అంత చదువుకుంది.

ఇంతలో మైకులో చెప్పడం మొదలెట్టారు. పూర్వం పైడినాయుడు అనే మహాబలుడు గుళ్లో ఉన్న ఈ రాయినే, ఇదే పెద్ద సంగిడీని, భుజానికెత్తి గుడి చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణ చేశాడట. మావ ఎప్పుడూ ఒక్కసారనే చెప్పాడు. మిగతా రెండూ ఆయన పోయాక తిరిగినట్టున్నాడు. ఆ మహాబలుడి అల్లుడు మన మధ్యే ఉన్నారు, పెద్దాయన నోటితోనే విందాం అని నన్ను లేపి మైకు నా ముందు పెట్టారు. అందరూ చూస్తున్నారు. జీవితమంతా తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని వాణ్ణి. దిద్దాను.

గుళ్లో ఉన్నది పెద్దది కాదు, నడిపిది అన్నాను. దాన్ని మా మావ ముసలితనంలో, ఒంటికి ఆముదం రాసుకుని, రొమ్ము దాకా ఎత్తి చప్పుడు లేకుండా దించాడు, నేను కళ్లారా చూశాను అన్నాను. పెద్దది ఇప్పటికీ అక్కడే, ఫ్యాక్టరీ కింద, మట్టిలో ఉంది అన్నాను. జనం హోరుమన్నారు. మైకు పట్టుకున్నవాడు మాత్రం వదల్లేదు. అయితే ఆ పెద్దదాన్ని కూడా ఎత్తారా తాతగారూ, నిజం చెప్పండి అన్నాడు.

"తవ్వి తీసుకురండి, అప్పుడు సెప్తాను," అని మైకు వాడి చేతికిచ్చి వచ్చి కూర్చున్నాను.